ఫొటోలో ఎవరూ పడకూడదు

పుల్లారావు గారి షరతులు మూడే.
గీత నిటారుగా పడాలి.
గీత పక్కన టేపు పడాలి, పది సెంటీమీటర్ల అంకె కనబడేలా.
మనుషులెవరూ పడకూడదు.

పదకొండేళ్ళు పెళ్ళిళ్ళు తీశాను, బ్రాడీపేటలో.
గడ్డం కాస్త పైకి, బాబాయి గారూ మీరు లోపలికి,
పాప కళ్ళు మూసింది, ఇంకొక్కటి.
ఇప్పుడు నా ఎదుట పడుకున్నదానికి
కళ్ళు మూయడం తెలీదు, బాబాయిలు లేరు.
మోకాళ్ళ మీద వంగి
దాని కొసదాకా చూస్తాను
సూదిలోకి దారం ఎక్కించేవాడిలా, ఒంటికన్నుతో.

మిర్చి యార్డు ముందు రోడ్డు మీద
తెలుపు తెలుపుగా ఉండేది కొన్ని గంటలే.
ఐదింటికల్లా తేజా టిక్కీలతో లారీలు దిగుతాయి.
పల్నాడు దుమ్ము, ఒంగోలు దుమ్ము, మిరప పొడి
తలా ఒక సంతకం పెట్టి పోతాయి.
మూడోనాటికి అది ఆవకాయ జాడీ అంచు.
అందుకే అర్ధరాత్రి దాటాక వచ్చాను,
మూతికి తువ్వాలు చుట్టుకుని,
తుమ్ముకీ తుమ్ముకీ మధ్య బటన్ నొక్కడానికి.

రికార్డుకి కొన్ని, బ్రోచర్‌కి కొన్ని.
రికార్డు ఫొటో మూలన తేదీ, టైము,
అక్షాంశం, రేఖాంశం.
భూమ్మీద ఎవరూ గీయని గీతలు సాక్షి
ఇందాక నాగుల్ మీరా గీసిన గీతకి.
ఆ సాక్ష్యం లేనిదే బిల్లు కదలదు.
బ్రోచర్‌కి సాక్ష్యం అక్కర్లేదు, మెరుపు చాలు.

ముందు కుక్క వచ్చింది.
ఇంకా గోరువెచ్చగా ఉన్న జీబ్రా మీద
నాలుగో పట్టీ తన పేరున రాసిచ్చినట్టు పడుకుంది.
"కుక్క మనిషి కాదుగా సార్" అన్నాడు మీరా.
నిజమే, షరతుల్లో లేదు.
తీశాను.

సుద్ద పూసిన దారం లాగి వదిలింది అతనే.
తెల్లపొడిని బాయిలర్లో పాయసంలా మరగబెట్టి
బండిలో పోసి, వెనక్కి వెనక్కి నడిచిందీ అతనే.
వేడి మీదుండగానే గాజుపూసలు చల్లాలి,
చల్లారితే పట్టవు.
అక్షింతల్లా చల్లుతున్నావయ్యా అంటే
"అవి రాలిపోతాయి సార్. ఇవి అతుక్కుంటాయి."

ఆఖరి ఫొటో ఫ్లాష్‌తో.
తప్పుకో మీరా, అన్నాను.
తప్పుకున్నాననుకున్నాడు.
తప్పుకున్నాడనే నేనూ అనుకున్నాను.

తెర మీద గీత లేచి కూచుంది.
ఎప్పుడో ఏ లారీ హెడ్‌లైటుకో చెప్పాల్సిందంతా
నాకు ఒక్కసారే చెప్పేసింది.
దాని పక్కన, కుడి అంచున,
మొహం లేదు, చొక్కా లేదు,
రెండు ముంజేతులు మాత్రం
చుక్కలు చుక్కలుగా వెలుగుతున్నాయి.
చెమటకి అంటిన పూసలు.
ఎడమ మోచేతి కింద కొంచెం ఖాళీ.
అక్కడ కాలిన మచ్చ ఉంది, నున్నగా,
పూస పట్టదు.

చూపించాను.
చాలాసేపు చూశాడు.
"టేపు పడిందా సార్?"

పొద్దున్నే పుల్లారావు గారి ఫోను.
"అదిరిందయ్యా, ఇదే అట్ట మీద వేద్దాం.
ఆ కుడిపక్క చుక్కలేవో చెరిపెయ్యి,
లెన్సులో దుమ్ము పడ్డట్టుంది."
మనుషులెవరూ పడలేదు కదండీ, అన్నాను.
"లేదు లేదు, శుభ్రంగా ఉంది."

కంప్యూటర్ ముందు కూచుని
చుక్కని పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను,
చదరపు గళ్ళు తప్ప ఏమీ మిగలనిదాకా.
తువ్వాలు ఇంకా మెడలోనే ఉంది, కారం కారంగా.
చెరిపే గుర్తు తెచ్చి దాని మీద పెట్టాను.

తుమ్మొచ్చింది.
ఒంటితుమ్ము.
పని మొదలెట్టేటప్పుడు ఒంటితుమ్ము వస్తే
ఆగాలంటుంది మా అమ్మ.

ఆగాను.