చప్పుడు తీసిన బండి

శువైఖ్‌లో మా షెడ్డు నంబరు నలభై ఒకటి.
పక్కన టైర్ల కొట్టు, ఎదురుగా రేడియేటర్ల కొట్టు,
పొద్దుగూకులూ పానాలు గచ్చు మీద పడే మోత.

అబూ మిష్అల్ పికప్ వెనక తెచ్చి దించినాడు
మోకాలెత్తు గో-కార్ట్.
నాలుగు బుల్లి టైర్లు, ఒకే ఒక్క సీటు,
వీపు దగ్గర ఆరున్నర గుర్రాల పెట్రోలు ఇంజను.
"ఓబూ, దీనికి కరెంటు పెట్టు" అన్నాడు.
ఎందుకని నేనడగలా. తనే చెప్పినాడు:
ఎడారిలో చలికాలం డేరా వేసినారంట,
పిల్లోడి బండి మొరిగినప్పుడల్లా
డేగ ముసుగులోనే ఉలిక్కిపడి
రెండ్రోజులుగా మేత ముట్టలేదంట.

ఇంజనంటే నాకు చెవి.
స్క్రూడ్రైవర్ కొన దాని మీద, పిడి నా చెవిలో.
వాల్వు వదులా, రింగులు అరిగినాయా,
కార్బరేటర్లో నలకా?
అది చెప్పేది, నేను వినేవాణ్ణి.
పద్దెనిమిదేళ్ళు ఇట్లనే కూడు తిన్నా.

నాలుగు బోల్టులు విప్పితే చేతికొచ్చేసింది.
ట్యాంకు తీసినాం, పొగగొట్టం తీసినాం, క్లచ్చు తీసినాం.
పందిరి పీకేసిన పెళ్ళివాకిలి మాదిరి
ఉట్టి గొట్టాల చట్రం మిగిలింది.

కొత్త మోటారు చిన్న గుమ్మడికాయంత.
ఇనుప పలక కోసి, తూట్లు పొడిచి కూచోబెట్టినాం.
గొలుసు వంకర పోకుండా దారం పట్టి చూసినా
ఒంటికన్ను మూసి, మా నాయన సాలు చూసినట్టు.
మోటారుకి పన్నెండు పళ్ళు, ఇరుసుకి అరవై.
బ్యాటరీలు సీటుకి అటూ ఇటూ, కావడి కట్టినట్టు.
తారికుల్ లావు ఫ్యూజు బిగించి
"ఇది మరిస్తే ఇద్దరం పెట్టెల్లో ఇంటికి" అని నవ్వినాడు.

రాత్రి పదిన్నరకి పెడలు తొక్కితే
బండి రయ్యిమని వెనక్కి పోయి
రేడియేటర్ల కొట్టు షట్టరుకి గుద్దుకుంది.
రెండు లావు తీగలు, వాటి సన్న తోబుట్టువులు
తారుమారు చేసి బిగిస్తే
ముందుకి పోవడం నేర్చుకుంది.
ఇంత సులువని నాకెవరూ చెప్పలేదు ఇన్నేళ్ళూ.

మళ్ళీ కూచున్నా. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.
తొక్కినా.
ఏమీ వినపడలా.
చెడిపోయిందనుకునే లోపల
మూడు షెడ్లు దాటినా.

టైరు కింద ఇసక నలగడం,
గొలుసు గొణుగుడు,
ఎడమ చక్రం బేరింగు కూనిరాగం,
ఇన్నాళ్ళూ ఇంజను అరుపు చాటున నక్కిన దొంగ!
ఇంకొకటి కూడా.
ఊపిరి లాగినప్పుడల్లా
నా రొమ్ములో సన్నటి ఈల.

సందు చివర బండి ఆపి విన్నా.
రింగులా? వాల్వా? ఫిల్టరులో దుమ్మా?
స్క్రూడ్రైవర్ యాడ ఆనించాలో తెలీలా.

పొద్దున మిష్అల్ రెండు చుట్లు కొట్టి దిగినాడు.
"చప్పుడేదీ?"
మూతి ముడిచి, మళ్ళీ ఎక్కి,
నోటితోనే బుర్ర్‌ర్‌మని ఊదుకుంటూ
షెడ్ల మధ్య దుమ్ము లేపుకుంటూ పోయినాడు.
వాళ్ళ నాయన చెవులు మూసుకొని
"దాన్ని తీయలేవా ఓబూ?" అన్నాడు.

పాత ఇంజను సికరాబ్‌లో పారెయ్యమన్నాడు.
పారెయ్యలా. గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టినా.
గదంతా పెట్రోలు కంపని దస్తగిరి తిడతాడు,
తిట్టి, దాని మీదనే చెప్పులారబెట్టుకుంటాడు.

నిన్న క్లినిక్కులో డాక్టరమ్మ
చల్లటి బిళ్ళ వీపున ఆనించి చాలాసేపు వింది.
"పొగ తాగుతావా?"
లేదన్నా.
చొక్కా గుండీలు పెట్టుకుంటా మళ్ళీ చెప్పినా:
"తాగినానమ్మా.
అన్నీ గుర్రాలవి."