కారణం రాయాల్సిన గడి

పెద్దాసుపత్రి కాగితం మీద
'దెబ్బ ఎలా తగిలింది' అన్న చోట
ఒక్క లైనే ఉంది.
జారిపడింది, అని రాశాను.
పేరు కెల్ల తన్మయి. వయసు పన్నెండు.
తీసుకొచ్చినవారు: నేను.

జారలేదు.
తన్మయి జారే పిల్ల కాదు.
నెల్లిమర్ల నుంచి తెల్లారి మొదటి ఆటోలో
డ్రైవరు పక్కన సగం సీటు మీద
కాలి వేళ్లతో నిలదొక్కుకుంటూ వచ్చే పిల్ల.
నాలుగంగుళాల బీము దానికి రహదారి.

ఆ లైను ఇంకాస్త పొడుగుంటే
వేసవిలో కుట్టించిన లియోటార్డు
దసరా నాటికి భుజాలు కోస్తోందని రాసేదాన్ని.
మూడు నెలల్లో రెండంగుళాలు ఎదిగింది.
ఎముక ముందు పరిగెత్తింది,
కండ వెనకాల రొప్పుతూ వస్తోంది.
మేం మాత్రం పాత కొలతల పిల్లనే కళ్లలో పెట్టుకుని
అదే పల్టీ, అన్నే సార్లు.
కాదు, ఇంకా ఎక్కువ సార్లు.
కాకినాడ పోటీలకి పద్దెనిమిది రోజులే ఉందని
ఆదివారం సెలవు తీసేసింది కూడా నేనే.

మ్యాట్ గురించి రాసేదాన్ని.
నడిమధ్యన గుంట పడితే
సన్యాసిరావు సారు మిల్లు నుంచి
గోనెసంచుల్లో నార తుక్కు తెప్పించి కూరారు.
ఓ వారం మెత్తగానే ఉంది.
రేకుల కప్పు కారిన రాత్రి తడిసి,
ఆరి, రాయైంది.
దాని మీద అరచేతులు ఆన్చి
రోజుకి నూట ఇరవై సార్లు
ఆ పిల్ల లోకాన్ని తలకిందులు చేసింది.

పొద్దున్న ఏం తిన్నావే అంటే
"తినీసేను మేడం" అంటుంది
నా మొహంకేసి చూడకుండా.
బరువులు రాసే పుస్తకం నా దగ్గరే ఉంటుంది.
ముప్పై ఒకటి చుట్టూ
ఎర్ర సిరాతో సున్నా చుట్టిన చెయ్యి ఇదే.

ఒకరోజు నీళ్ల ట్యాంకు వెనక చూశాను.
ఐస్‌ఫ్రూట్ బండివాణ్ణి అడిగి తెచ్చుకున్న ముక్కని
జేబురుమాల్లో చుట్టి
మణికట్టుకి అదుముకుంటోంది.
"ఏటీ నేదు మేడం, సల్లగుంటదని."
సరే, అన్నాను.
ఆ 'సరే'ని ఏ గడిలో రాయాలి?

నాకు తెలియక కాదు.
నా ఎడమ మోకాలు ఈనాటికీ
పండగ జనంలో గంటసేపు నిలబడనివ్వదు.
సిరిమాను కదిలినప్పుడు
ఊరంతా కొసన కూర్చున్న పూజారికేసి చూస్తుంది.
నేను మొదట్లో తాళ్లు పట్టుకున్నవాళ్ల
చేతులు చూస్తాను.
పట్టుకోవడమే నా ఉద్యోగం.
నిన్న సాయంత్రం, పిల్ల గాల్లో ఉన్నప్పుడు,
ఈ చేతుల్లో ఫోనుంది.

డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టాడు.
మణికట్టు దగ్గర సన్నగా నల్ల గీత.
విరిగిందాండీ?
"కాదు. ఈ గీత పిల్లలందరికీ ఉంటుంది,
ఎముక పెరిగే చోటు.
ఈ అమ్మాయికి వెడల్పైపోయింది,
అంచులు చూడండి, ఎలక కొరికినట్టు.
నిన్నటి దెబ్బ కాదిది. నెలలనాటిది."
మూడు నెలలు చేతుల మీద నిలబడకూడదన్నాడు.
ఆ తర్వాత చూద్దామన్నాడు.

పైడితల్లి మిల్లు షిఫ్టు నుంచి అలాగే వచ్చేసింది,
జుట్టు నిండా నార పోగులు.
నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.
"నానే సెప్పొద్దన్నాను మేడం.
నొప్పని సెప్తే టీములోంచి తీసీస్తారని"
అంటూ తన కుడి మణికట్టు తానే పిసుక్కుంటోంది,
ఎప్పటినుంచో అలవాటైనట్టు.

తన్మయి ఒక్కటే అడిగింది.
"బీము మీద కాళ్లతోటి సెయ్యొచ్చు కదా మేడం?"

కౌంటరు దగ్గరికెళ్లి కాగితం వెనక్కి అడిగాను.
కొట్టివేతలుంటే చెల్లదన్నాడు గుమాస్తా.
వెనకవైపు ఖాళీగానే ఉంది.
తిప్పి, గోడకి ఆన్చి, రాయడం మొదలుపెట్టాను.
వరసలో నా వెనకాల
ఎవరో దగ్గారు.