ఎనిమిది అంగుళాలు

దొరవారిసత్రంలో రైలు దిగాను
చంకలో డ్రాయింగు చుట్ట, సంచిలో స్టీలు టేపు.
చెరువు గట్టు మీద నేను కట్టాల్సింది ఒక గది,
లోపలున్నవాళ్లు లేనట్టుండే గది.

ఆఫీసులో గీసినప్పుడు బాగానే ఉండింది:
నాలుగడుగుల గాజు కిటికీ, ఆకుపచ్చ రంగు,
ఫొటోలకని ముందొక అరుగు.

కాపలా మానికల శీనయ్య
కాగితాన్ని తలకిందులుగానే పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"ఈ గాజులో ఆకాశం కనపడద్దమ్మా.
నిజం ఆకాశమనుకుని వచ్చి గుద్దుకుంటాయి."

గాజు కొట్టేశాను.

"లోపలంతా మసి రంగు పూయించు,
మా పొయ్యి వెనక గోడ మాదిరి.
చెక్క నేలొద్దు, ఇసక పోయి.
తలుపు ఉత్తరానికి తిప్పు.
పొద్దున్నే ఎండ వీపున పెట్టుకుని తలుపు తీస్తే
నువ్వు మనిషివి కాదు, నల్ల బొమ్మవి."

ఈశాన్యం మూల పెరుగుతుందే అని మేస్త్రి గొణిగాడు.
"గూడబాతుకి ఏది ఈశాన్యమో దాన్నే అడుగు" అన్నాడు శీనయ్య,
బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకుని.

ఇక చూపుకి ఎంత సందు కావాలో కొలవాలి.
నిలబడితే నా కన్ను నాలుగు అడుగుల తొమ్మిది.
కూర్చుంటే మూడున్నర.
చక్రాల కుర్చీకి ఇంకాస్త కింద.
శీనయ్య మనవరాలు చెంగమ్మని నిలబెట్టి
కనుబొమల దాకా టేపు లాగాను. అది కిలకిలమంది.
నా వేలు జారింది.

టేపు చుర్రున వెనక్కి చుట్టుకుని ఠక్కుమంది.

నీటి కడప చెట్లన్నీ ఒక్కసారిగా లేచాయి.
చెట్లు కాదు, చెట్ల మీది తెలుపు.
రెక్కల గాలి నీళ్ల మీదుగా వచ్చి
నా డ్రాయింగు కాగితాన్ని ఎత్తింది.
గూళ్లలో పిల్లలు మాత్రం ఎండకి నోళ్లు తెరిచి ఉండిపోయాయి.

శీనయ్య తిట్టలేదు.
మొదటిది తిరిగొచ్చి వాలేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.
నలభై నిమిషాలు.
నా అంచనా పట్టీలో సిమెంటుకి పద్దుంది, రేకుకి పద్దుంది,
ఆ నలభై నిమిషాలకి లేదు.

మర్నాడు గుడ్డ టేపు కొన్నాను.

సందు ఎనిమిది అంగుళాలని తేల్చాం.
గదిలోకొచ్చే దారికి రెండు పక్కలా తాటాకు దడి.
అరుగు లేదు. బోర్డు గేటు దగ్గరే ఆగిపోయింది.

మొదటి ఆదివారం
కొండ దిగి వచ్చిన ఒక కుటుంబం,
కొత్త గుండ్లు, ఆరని గంధం,
ఇసకలో చెప్పులు చప్పుడు కాక తెల్లబోతూ లోపలికెళ్లారు.
నేనూ శీనయ్యా అవతలి గట్టుకెళ్లి
గదినే చూస్తూ కూర్చున్నాం.

ఎవరూ లేరు.
మసి. సందు. మసి.
ఒక కొంగ సరిగ్గా దాని ముందే నిలబడి
నత్తని నింపాదిగా విప్పుకుంటోంది.

అప్పుడు సందులోంచి
ఒక చిన్న వేలు బయటికొచ్చింది.
అదిగో, అన్నట్టుగా.

"ఆ వేలొకటి మర్చిపోయినాం" అన్నాడు శీనయ్య.

పెన్సిలు తీశాను.
తీసి, ఊరికే పట్టుకున్నాను.