చీమ ఇంటికి పోయేదాకా

ట్రైనింగులో చెప్పినారు,
నాలుగేళ్ల బిడ్డ ఒక పని మీద
ఎనిమిది నిమిషాలు నిలుస్తాడని,
మెల్లగా పన్నెండు దాకా లాగొచ్చని.
నేను రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను.
అప్పటికి ఢిల్లీబాబు మా సెంటర్లో చేరలేదు.

వాడు చేరింది జూన్లో.
తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి
గుడిపాల రోడ్డు మలుపు దాకా
రెండు రాత్రులు, మూడు పగళ్లు కదలకుండా నిలబడే జూన్లో.
వాళ్ల నాయన ఆ లారీల్లో ఒకదానికి క్లీనరు.
వాళ్లమ్మ కోమల లోపల టెంకలు తీసే బెల్టు దగ్గర.
చిత్తూరంతా ఎక్కడిదక్కడ నిలబడి ఉంటే
వీడొక్కడే నిలబడడు.

పూసలిస్తే మూడు గుచ్చి నాలుగోది ముక్కులో పెట్టుకుంటాడు.
కథలో రాజు తన పేరు చెప్పుకోకముందే
కిటికీ ఎక్కి హారన్లు లెక్కపెడతాడు.
అదీ ఐదు దాకానే.
ఆరో హారన్ మీద వాడికి కోపం.

"కాలు నిలవదు మిస్సూ వీడికి" అని నవ్వుతుంది కోమల,
మామిడి సొనకు పొక్కిన వేళ్లు కొంగులో దాచుకుంటా.
"ఫోనిస్తే మాత్రం బొమ్మ మాదిరి కూర్చుంటాడు."
అదేం కూర్చోడమమ్మా, అనాలనుకున్నాను.
పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి
ఆ మాట ఎట్లా చెప్పేది?
"కొంచెం తగ్గించు" అన్నాను. అంతే.

నాకు తెలిసినవన్నీ చేసినాను.
చింతపిక్కల సంచిలో చెయ్యి పెట్టి
గులకరాయి ఏదో చూడకుండా చెప్పమన్నాను.
గోనెపట్టా పోగులు పీకించినాను.
చెనక్కాయలు వలవమంటే
గింజలు ఘౌసియాకు పెట్టి, పొట్టు నెత్తిన పోసుకున్నాడు.
"ఇంకొకటి" అంటే ఇంకొకటి వలిచేవాడు.
"ఇంకా పది" అంటే పరుగే.
దారాన్ని ఒక్కో పూసంతే పెంచాలి కాబోలు.

గురువారం పొద్దున గోడవార బోర్లా పడుకోనుండాడు.
జ్వరమేమోనని దగ్గరికి పోతే
ఒక గండుచీమ.
తనకు మూడింతలున్న మురుకు తునకను
వెనక్కి నడుస్తా లాక్కుపోతా ఉంది.
తునక గచ్చు పగుల్లో ఇరుక్కుంది.
చీమ వదిలింది, చుట్టూ తిరిగింది, ఇంకోపక్క పట్టింది.
వీడు వేలు పెట్టలేదు.
ఊదలేదు.
నోరు తెరుచుకుని ఉంది, చొల్లు చుక్క ఒకటి కింద పడింది,
అదీ తెలీదు వాడికి.
గడియారం చూసినాను, పది ఇరవై.
పది ఇరవై ఆరు.
పది ముప్పై ఒకటి.
బయట లారీ గట్టిగా హారన్ కొట్టింది. తల ఎత్తలేదు.

టింగుమంది నా ఫోను.
పదకొండుకల్లా ఫొటోలు ఎక్కించాలి,
బిడ్డల ముఖాలు, గుడ్లు, పాలు.
"ఢిల్లీబాబూ, ఇట్లా చూడు నాయనా."

చూసినాడు.
ఫొటో బాగా వచ్చింది, యాప్‌లో పచ్చ టిక్కు పడింది.
వాడు మళ్లీ కిందికి చూసేసరికి చీమ లేదు.

ఏడవలేదు. లేచి కిటికీ ఎక్కినాడు.
ఒకటి, రెండు, మూడు.

ఆ రాత్రి వంట చేస్తా లెక్కపెట్టుకున్నాను,
పొద్దుట్నుంచి వాడిని ఎన్నిసార్లు పిలిచినానో.
గుడ్డు తినరా, వరసలో నిలబడరా,
పద్యం చెప్పరా, మూతి తుడుచుకోరా...
పదమూడు దాకా వచ్చినాను.
కుక్కరు కూత వేసింది.
నేనే లెక్క మరిచిపోయినాను.

ఇప్పుడు ఫోను బియ్యం డబ్బాలో పెడతాను, పదకొండు దాకా.
సూపర్వైజరు హేమావతి మేడం ఒకసారి అరిచింది,
ఇంకోసారి అరుస్తుంది.
ఎవరూ చూడకుండా
మురుకు తునక ఒకటి నేనే గోడవార వేస్తాను.

నిన్న చీమ వచ్చింది. అదేనో, కాదో.
గోడ చిల్లు దాకా పోయింది. తునక పట్టలేదు.
కాస్త కొరుక్కుని, మిగతాది గడప దగ్గరే వదిలి లోపలికి పోయింది.
చీమ వింటుందేమోనని గుసగుసగా అడిగినాడు,
"మిస్సూ, వాళ్లింట్లో లైటు ఉంటాదా?"
తెలీదన్నాను.
ఇద్దరం గచ్చుకు చెంపలు ఆనించి
ఆ చిల్లులోకి చూస్తా ఉన్నాం.
గడియారం నా వీపు వెనక ఉంది.