లాకుల కాపరి లెక్క

"చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో" అంది
మాకు పాఠం చెప్పే ఓసింగా.
"నోరు ఆగకపోయినా చేతులైనా ఆగుతాయి."

సముద్రం కన్నా పల్లంలో ఉన్న మా హార్లింగెన్‌లో
వాన పడుతున్న మంగళవారం
నా ఎదుట హార్మ్ తెర్ప్‌స్ట్రా.
నలభై ఏళ్లు కాలువ లాకులు ఎత్తి దించినవాడు.
షుగర్ లెక్క తెచ్చాడు,
పాత నీటిమట్టం పుస్తకంలోనే రాసి.
ఏడు. ఎనిమిది. ఏడు.
ఆదివారం పదిహేడు.

నా నాలుక చివర అయిదేళ్ల చదువు:
కళ్లు, కిడ్నీలు, కాలి వేళ్లు.
చేతుల మీద ఇంకాస్త బరువు మోపి
"ఆదివారం ఏమైంది?" అన్నాను.

చాలాసేపు కిటికీకేసి చూశాడు.
"తమ్ముడు పడవ అమ్మేశాడు.
ఇద్దరం కూర్చుని ఆపిల్ కేకు మొత్తం తినేశాం."
అడక్కుండానే సోమవారం గడి మీద వేలు పెట్టాడు.
"గట్టు వెంట నడిచాను. సాయంత్రానికి తొమ్మిది.
నీళ్లు ఎక్కువైతే
తలుపు ఒక్కసారే ఎత్తకూడదు, వీట్‌స్కా,
జానెడు జానెడే."

రాసుకుందామంటే
తిమ్మిరెక్కిన నా వేళ్లు కదల్లేదు.
చెవి వెనక పెన్సిల్ తీసి
తన పుస్తకంలో తనే రాసుకున్నాడు.