ఆకు వెనకవైపు

ఆరు రోజులూ నేను వేసేది ఒకటే రంగు.
డబ్బా మీద దానికి నంబరుంటుంది, పేరుండదు.
ఎండిన చపాతీ రంగు అంటాడు పోశెట్టి.
అల్ ఖోర్‌లో విల్లాలన్నీ
ఆ చపాతీలోంచి తుంచినట్టే ఉంటాయి.

శుక్రవారం కూరగాయల వ్యాన్‌లో వెనక కూచుని
థఖీరా దాకా పోతాను,
మడ చెట్ల కాడికి.
క్యాంపు గేటు పక్కన జిల్లేడుంది గానీ
అది మనూరి మనిషి లాంటిది,
పలకరిస్తే చాలు, చూడక్కర్లేదు.

ఇక్కడ చూడాలి.
నీళ్లు వెనక్కి పోయాక
బురదలోంచి నిక్కి నిలబడతాయి వేళ్లు,
కిందికి పోవాల్సినవి పైకి.
చెట్టు వేళ్లకీ చేతి వేళ్లకీ
మన భాషలో ఒకటే మాటెందుకో
ఇన్నేళ్లకు, ఈ ఉప్పు బురదలో తెలిసింది.

మా మేనమామ చేర్యాలలో పటాలు రాసేవాడు.
ముందు నేలంతా ఎరుపు పరిచి, ఆ మీద చెట్టు.
ఆయన చెట్టుకు ఎప్పుడూ పదకొండు ఆకులే.
"చెట్టని తెలిస్తే చాలురా, లెక్కెవడు అడుగుతడు" అనేవాడు.
నాకూ చెయ్యి అలాగే తిరిగింది.
ఇక్కడ రెండు వారాలు ఆ పదకొండు ఆకులే గీశాను
మడ చెట్టు ఎదురుగా కూచుని, దాన్ని చూడకుండా.

మూడో వారం ఒకాకు తెంపాను.
పైన తెల్లగా పొడి. నాలుకకు ఆనించా, ఉప్పు.
మధ్యాహ్నానికి నా బనీను వీపున
ఆరే గీతలాంటిదే.
తిరగేస్తే, వెనకవైపు పచ్చ కాదు,
బూడిదా కాదు,
తెల్లారుజామున మసీదు గోడ
ఇంకా ఎండ తాకనప్పుడు ఉంటుందే, అది.

స్టోర్లో షఫీక్ ఇచ్చిన ఆకుపచ్చ
తలుపు మీద బాణం గుర్తులకు కొట్టేది.
అది రంగు కాదు, కేక.
ప్లైవుడ్ ముక్క మీద పూసి, గీకేశాను.
రాత్రి బాత్రూం లైటు కింద
డబ్బా అడుగున మిగిలిన చపాతీ రంగులో
పొయ్యి మసి చిటికెడు,
బట్టల నీలం రెండు చుక్కలు వేసి
పుల్లతో తిప్పుతున్నా, తిప్పుతున్నా,
ఆకు వెనకవైపు వచ్చింది.

ఆరు రోజులూ తిట్టుకున్న రంగు.

పోశెట్టి పళ్లు తోముకుంటూ ఆగి చూశాడు.
"చేప ముళ్లా?" అన్నాడు.
కాదనబోయి
మళ్లీ చూశాను. నిజమే, కొంచెం చేపే.
ఇంకో రెండు వేళ్లు గీశాను, వంకరగా,
పొద్దున నాలుగుకు బస్సుందని తెలిసీ.