రెండో బూటు

ఫెర్రోల్ రేవులో మూడోరోజు వాన.
శిక్షణ గదిలో పన్నెండు కుర్చీలు, ఒక గోడ గడియారం,
గడియారం మీద కప్పిన చేతిరుమాలు.
“మీ కళ్ళు అటే పోతాయి, నాకు తెలుసు,” అంది డాక్టర్ సబేలా.
ఇరవై రెండేళ్ళుగా ఆవిడ
ఒకే ఒక్క ప్రశ్న అడగడం నేర్పుతోంది.

ముందు కూర్చోవడం నేర్పింది.
వాళ్ళ కుర్చీ కంటే నీ కుర్చీ ఎత్తుండకూడదు.
వాళ్ళకీ తలుపుకీ మధ్య నువ్వుండకూడదు.
నీళ్ళు ముందే పోసి ఉంచాలి.
ఫోను జేబులో కూడా వద్దు, బయట నర్సు చేతికిచ్చి రా.

తర్వాత మాట.
“పోయాడు” అనకు. ఎక్కడికి అంటారు.
“ఇక లేడు” అనకు. అదుగో ఉన్నాడుగా,
ఛాతీ లేచి పడుతోందిగా అంటారు.
“కన్నుమూశాడు” అసలే వద్దు,
రెండు రోజులుగా ఆ కళ్ళు మూసే ఉన్నాయి.
చనిపోయాడు అను.
ఆ ఊపిరి యంత్రానిదని చెప్పు.
చెప్పి, నోరు మూసుకో.

ఉషీయా మొదటిసారి తొమ్మిది సెకన్లు ఆగింది,
వెంటనే అవయవాల సంగతి ఎత్తేసింది.
ఎదురుగా తల్లి వేషంలో బెనీటా.
పొద్దున సంతలో ఆల్చిప్పలమ్మి
మధ్యాహ్నం ఇక్కడ గంటల లెక్కన ఏడ్చే మనిషి.
ఏడుపు టక్కున ఆపి ముక్కు తుడుచుకుని అంది:
“అమ్మాయ్, నా కొడుకింకా చనిపోలేదు.
నువ్వు చెప్పావంతే. నేనింకా వినలేదు.”

అందరూ నవ్వారు.
ఉషీయా ఆ మాట రాసుకుని
కింద రెండు గీతలు గీసింది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.
ఇక్కడ అమ్మనే అడగాలి,
పెట్టడానికి ఆమె దగ్గర ఏమీ మిగలని గంటలో.

ఫిబ్రవరిలో ఒక రాత్రి,
వేషం వెయ్యని తల్లి. పేరు ఒబ్దూలియా.
కొడుకు బ్రాయిస్, పంతొమ్మిదేళ్ళు,
మోటారుసైకిలు, రేవు మలుపు, తడి రోడ్డు.
ఉషీయా పొట్టి కుర్చీ లాక్కుంది.
చనిపోయాడు, అంది.
రేడియేటరు టిక్కు టిక్కుమంది.
కారిడార్లో ఎవరో బకెట్టు జరిపారు.
ఎంతసేపో ఎవరూ లెక్కపెట్టలేదు.
చివరికి ఆ తల్లే “చనిపోయాడు” అంది,
రాని భాషలో మొదటి మాట పలికినట్టు.

అప్పుడు అడిగింది.
ఒబ్దూలియా వద్దంది.
కారణం చెప్పలేదు.
పాఠంలోని పద్నాలుగు కారణాల్లో
ఏదైనా ఉందేమోనని ఉషీయా వెతకబోయి, మానుకుంది.
ఎక్కడో ఒక జాబితాలో ఒక పేరు
ఈ రాత్రికి అక్కడే కదలకుండా ఉండిపోయింది.
ఆ పేరు ఆమెకు తెలియదు. బరువు తెలుసు.

“వాడి రెండో బూటేది?” అంది తల్లి.

సంచిలో ఒకటే ఉంది, ఎడమకాలిది,
నీలం లేసు, మడమ దగ్గర తెగితే కుట్టించింది.
దీనికి పాఠం లేదు.
తెల్లవారుజాము మూడింటికి ఉషీయా
కోటు మర్చిపోయి వానలో అంబులెన్సుల షెడ్డుకెళ్ళింది.
మొదటి బండి, రెండోది. మూడోదాంట్లో
ఆక్సిజన్ సిలిండర్ వెనక, మడతపెట్టిన దుప్పటి కింద.
బురద కడగాలా అని కుళాయి ముందు నిలబడింది.
కడగలేదు.

ఒబ్దూలియా రెండు లేసులూ కలిపి ముడేసుకుని
ఒళ్ళో పెట్టుకుంది.
మనసు మార్చుకోలేదు.
ఉషీయా ఆమెను టాక్సీ దాకా దిగబెట్టింది,
తలుపు తనే వేసింది, మెల్లగా.

శుక్రవారం సబేలా కాగితం చదివింది.
అడిగినవి: ఒకటి. ఒప్పుకున్నవి: సున్నా.
కళ్ళజోడు తీసి అడిగింది,
“ఎక్కడ దొరికింది బూటు?”

తర్వాతి బ్యాచ్‌లో,
చనిపోయాడన్న మాట విన్న తర్వాత,
తన పాత్రలో లేని మాట ఒకటి బెనీటా అంటోంది.
“వాడి రెండో బూటేది?”
కొందరు సబేలా వంక చూస్తారు.
కొందరు రుమాలు కింది గడియారం వంక.
ఒక కుర్రాడు మాత్రం, నిజంగానే,
వంగి బల్ల కింద వెతికాడు.